రెండు నిమిషాల పరీక్ష, చేతిలో ఒక చీటీ: బడిలో డాక్టర్లు రాసింది పట్టించుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీది నల్గొండ జిల్లా చండూరు దగ్గర ఊరు. పాపకు తొమ్మిదేండ్లు, సర్కారు బడిలో నాలుగో తరగతి. మొన్న ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, బడి పిల్లలను చూసే సర్కారు పథకం) బండి వచ్చినప్పుడు డాక్టర్లు చూసి ఒక చీటీ ఇచ్చారు. గుండె చప్పుడులో తేడా, ఎడమ కన్ను చూపు తక్కువ, రక్తం తక్కువ అని రాశారు. పండ్ల మీద మరకలున్నాయని కింద ఇంకో ముక్క. మీ ఆయనేమో "పిల్ల మంచిగనే ఉరుకుతుంది, రెండు నిమిషాల్ల ఏం తెలుస్తది" అంటున్నారు. మీకు భయం పట్టుకుని ప్రైవేటులో ఫుల్ బాడీ చెకప్ చేయిద్దామా అని చూస్తున్నారు. పెద్దబాబు ప్రైవేటు బడిలో ఉన్నాడు, వాడిని ఎవరూ చూడనే లేదు.

ముందు జవాబు చెప్తాను. చీటీ పట్టుకుని పోవాలి. ఫుల్ బాడీ చెకప్ మాత్రం అక్కర్లేదు. గుండెకు ఒక ఎకో (గుండె స్కానింగ్), కండ్లకు కండ్ల డాక్టర్ దగ్గర పరీక్ష, రక్తానికి హిమోగ్లోబిన్. ఈ మూడు చాలు. సర్కారు దవాఖానలో వీటికి పైసలు కట్టాల్సిన పని లేదు. ఎకో ఆ రోజు అక్కడ కాకపోతే హైదరాబాద్‌లో నిలోఫర్‌కో, నిమ్స్‌కో వాళ్లే రాసిస్తారు. రేపు పొద్దున్నే పరుగెత్తాల్సినంత తొందర లేదు, వచ్చే సెలవుల దాకా ఆగేంత తీరికా లేదు. ఒకటి రెండు వారాల్లో పోండి.

నేనూ ఆ బండిలో తిరిగే మనిషినే. 2013లో ఈ కార్యక్రమం మొదలైన కొత్తలో చేరాను. మొదట పాలమూరు ప్రాంతంలో కోస్గి, మద్దూరు వైపు చేశాను, తర్వాత దేవరకొండ వైపు వచ్చాను. చదివింది హోమియో. బండిలో ఉండే డాక్టర్లం ఎక్కువమంది ఆయుష్ (హోమియో, ఆయుర్వేదం లాంటివి) వాళ్లమే, ఒక మగ డాక్టరు, ఒక ఆడ డాక్టరు, ఒక ఫార్మసిస్టు, ఒక నర్సమ్మ. "హోమియో ఆమె గుండె చప్పుడు ఏం వింటది" అని మీ ఆయన అనుకుంటే నాకేం కోపం లేదు. మొహం మీదే అన్నవాళ్లున్నారు.

అసలు మేం బడిలో చేసేది జల్లెడ పట్టడం. రోగానికి పేరు పెట్టం, పెట్టకూడదు కూడా. పుట్టుకతో వచ్చిన లోపాలు, తిండిలో లోపం వల్ల వచ్చేవి, పిల్లల జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం అని నాలుగు రకాల కింద ముప్పైకి పైగా సమస్యలు మా పట్టికలో ఉంటాయి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒక్కసారి పోతాం. ఒక్కోరోజు నూరు మంది దాకా లైన్ కడతారు. కాబట్టి రెండు నిమిషాలన్న మీ ఆయన లెక్క దాదాపు కరెక్టే. కానీ ఆ రెండు నిమిషాల్లో రావాల్సిన జవాబు "ఈ పిల్లను పెద్ద డాక్టర్ చూడాలా, వద్దా" అన్నది ఒక్కటే. దానికి ఆ టైం చాలావరకు సరిపోతుంది.

ఇందులో రెండో వైపు ఒకటుంది, దాన్ని ఎవరూ చెప్పరు. జల్లెడలో రాళ్లతో పాటు మంచి గింజలు కూడా నిలుస్తాయి, ఒక్కోసారి రాయి కిందికి జారిపోతుంది. చీటీ వచ్చిందంటే జబ్బు ఉన్నట్టు కాదు. చీటీ రాలేదంటే జబ్బు లేనట్టూ కాదు. ఈ రెండో మాట నా తప్పు వల్లే నాకు బాగా తెలిసొచ్చింది. కోస్గి వైపు ఒక ఊళ్లో ఆరో తరగతి పిల్లవాడికి చూపు బాగుందని రాసేశాను. చార్టులో అక్షరాలన్నీ గడగడా చదివాడు. చదవడం కాదది, అప్పజెప్పడం. ముందు నిలబడ్డ నలభై మంది చదువుతుంటే విని నోటికి పట్టేశాడు. ఆరు నెలలకు లెక్కల సారు ఫోన్ చేసి "మేడం, వాడు బోర్డు మీదిది పక్కోడి నోట్‌బుక్కుల చూసి రాస్తుండు" అన్నాడు. అప్పటి నుంచి అక్షరాల చార్టు పక్కనబెట్టి ఇంగ్లీషు "E" గుర్తుల చార్టే వాడుతున్నాను. ఆ గుర్తు మూతి ఎటు తిరిగుందో చేత్తో చూపించాలి. మధ్యమధ్య చార్టు తిప్పేస్తాను. లైన్ వరండాలో, పరీక్ష లోపల.

ఇక మీ పాప విషయానికి వద్దాం.

గుండె చప్పుడు. మీకు భయం పెట్టింది ఇదే అనుకుంటాను. బడి వయసు పిల్లల్లో గుండె దగ్గర అదనంగా ఒక చిన్న శబ్దం వినబడడం చాలా మామూలు. ఆరోగ్యంగా ఉన్న గుండెలోనే రక్తం జోరుగా పారుతుంటే వచ్చే చప్పుడది, పెరిగేకొద్దీ పోతుంది. జరం ఉన్న రోజు ఎక్కువ వినబడుతుంది. రక్తం తక్కువున్న పిల్లల్లో కూడా అంతే, పలచబడ్డ రక్తాన్ని గుండె ఎక్కువ వేగంగా తోయాల్సి వస్తుంది. మీ చీటీలో రెండూ కలిసి ఉన్నాయి గనుక మీ పాపది ఇదే కావొచ్చు. కానీ "కావొచ్చు" అని ఇంట్లో కూర్చుంటే ఎట్లా? స్టెత్ పెట్టి నేను అనుమానపడగలను, అంతే. చప్పుడు మంచిదో చెడ్డదో తేల్చేది ఎకో. ఛాతీ మీద జిగురులాంటిది రాసి ఒక పరికరం ఆనించి టీవీలో చూస్తారు. సూది లేదు, నొప్పి లేదు.

"ఉరుకుతుంది, దుంకుతుంది" అన్న మాట గురించి. ఈ మాట నేను విన్నన్నిసార్లు ఇంకే మాటా వినలేదు. గుండె పైగదుల మధ్య గోడలో రంధ్రం ఉండే పిల్లలు చాలామంది బాగానే ఉరుకుతారు. లక్షణాలు కనబడకుండానే బడి వయసు దాకా వచ్చేస్తారు. దేవరకొండ దగ్గర ఒక తండాలో ఐదో తరగతి పాప, కబడ్డీలో దాన్ని పట్టుకోవడం ఎవరి తరం కాదు. తండ్రి రెండుసార్లు చీటీ జేబులో పెట్టుకున్నాడు, పోలేదు. మూడోసారి మా నర్సమ్మ వాళ్లింటికే పోయి కూర్చుంది. ఎకోలో పెద్ద రంధ్రమే తేలింది. ఆరోగ్యశ్రీ కింద హైదరాబాద్‌లో మూసేశారు. మరుసటేడు నేను పోయినప్పుడు ఆ పిల్ల నా స్టెత్ గుంజుకుని తన చెవుల్లో పెట్టుకుని "ఇప్పుడు వినొస్తలేదు కదా మేడం" అంది.

దీనికి ఎదురుగా ఇంకో సంగతి కూడా చెప్పాలి. నేను గుండె అని రాసి పంపిన పిల్లల్లో ఎక్కువమందికి ఏమీ లేదనే తేలింది. ఒక తండ్రి తిరిగొచ్చి "రానుపోను బస్సు కిరాయి, రెండు రోజుల కూలి పోయింది, ఏం లేదన్నరు" అని నన్ను నిలబెట్టి తిట్టాడు. ఆయన బాధలో న్యాయముంది. అయినా ఆయన బిడ్డలాంటి బిడ్డ రేపు వచ్చినా నేను మళ్లీ చీటీ రాస్తాను.

కింద చెప్పేవాటిలో ఒక్కటున్నా వారం ఆగొద్దు. ఉరికినప్పుడు కండ్లు తిరిగి పడిపోవడం, పెదాలు నీలంగా మారడం, ఆడుతూ ఆడుతూ గొంతుక్కూర్చుని రొప్పడం. ఇంకోటి, గొంతు నొప్పి జరం వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు మోకాలు, చీలమండ ఒకదాని తర్వాత ఒకటి వాచి నొప్పి పెట్టడం. మనవాళ్లు దీన్ని "పెరిగే నొప్పులు" అని జండూబామ్ రాసి వదిలేస్తారు. అది కీళ్లవాత జ్వరమైతే గుండె కవాటాలను పాడుచేస్తుంది. ముందే పట్టుకుంటే 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏండ్ల తరబడి వేస్తూ గుండెను కాపాడుకోవచ్చు. పాపకు అలాంటి నొప్పులు ఎప్పుడైనా వచ్చాయేమో గుర్తు తెచ్చుకుని, వచ్చి ఉంటే డాక్టర్‌కు మీరే చెప్పండి. అడుగుతారని ఎదురుచూడొద్దు.

ఎడమ కన్ను. నన్నడిగితే మీ చీటీలో గడువు ఉన్నది దీనికే. గుండె చప్పుడు మామూలుదైతే ఏడాది ఆలస్యమైనా ఏమీ కాదు. కన్ను అట్లా కాదు. ఒక కన్ను మసకగా ఉంటే మెదడు ఆ కన్నును వాడడం మానేస్తుంది, రెండో కన్నుతో పని నడిపిస్తుంది. పిల్లకు తెలియదు, ఇంట్లోవాళ్లకూ తెలియదు, ఎందుకంటే రెండు కండ్లు తెరిచి చూసినప్పుడు అంతా బాగానే కనబడుతుంది. దీన్ని సోమరి కన్ను అంటారు. ఏడెనిమిదేండ్ల లోపు పట్టుకుంటే అద్దాలతో, మంచి కన్నుకు రోజూ కొన్ని గంటలు పట్టీ వేసి సరిచేయడం తేలిక. తర్వాత కష్టమవుతుంది, అయినా తొమ్మిదేండ్లంటే చేయి దాటిపోలేదు. మామూలు సైటే అయితే అద్దాలతో తీరిపోతుంది.

మద్దూరు వైపు ఒక బాబు ఇప్పటికీ గుర్తొస్తాడు. అమ్మానాన్న దసరా కాగానే బొంబాయికి కూలికి పోయారు, వాడు నాయనమ్మ దగ్గర ఉన్నాడు. కుడి కన్ను మూసుకోమంటే వేళ్ల సందుల్లోంచి చూస్తున్నాడు. అప్పటి నుంచి అరచేతితో మూయమని చెప్పి, నా చెయ్యి కూడా దాని మీద పెడతాను. చీటీ ఇచ్చాను. నాయనమ్మ దాన్ని భద్రంగా ట్రంకు పెట్టెలో, భూమి కాగితాల కింద దాచింది. కొడుకు ఉగాదికి వచ్చినప్పుడు ఇద్దామని. కొడుకు ఆ ఉగాదికి రాలేదు. మళ్లీ ఏడాది నేను పోయేసరికి వాడికి పదేండ్లు దాటాయి. పట్టీతో కొంచెం వచ్చింది గానీ పూర్తిగా రాలేదు. పాలమూరు వలస గురించి అందరూ కూలి లెక్కల్లో మాట్లాడతారు. నాకు మాత్రం ఆ ట్రంకు పెట్టె గుర్తొస్తుంది.

అద్దాలు రాస్తే పెట్టించండి. "అద్దాలు పెడితే సైటు పెరుగుతది", "ఆడపిల్లకు అద్దాలేంది" లాంటివి వినొద్దు. బడి పిల్లలకు సర్కారు నుంచి అద్దాలు ఉచితంగా వస్తాయి. క్లాసులో "సోడాబుడ్డి" అని ఏడిపిస్తే పిల్ల అద్దాలు సంచిలో దాచేస్తుంది, కాబట్టి టీచరమ్మకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

రక్తం తక్కువ. మేం కంటి రెప్ప కింద, అరచేతిలో తెలుపు చూసి రాసి ఉంటాం. అందుకే హిమోగ్లోబిన్ చేయించమంటున్నాను. పాప వయసుకు 11.5 ఉండాలి. 11 నుంచి 11.4 వరకు కొద్దిగా తక్కువ, 8 నుంచి 10.9 మధ్యస్థం. 8 కంటే దిగితే తీవ్రమన్నట్టు, వెంటనే దవాఖానలో చూపించాలి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. బడిలో వారానికోసారి ఇచ్చే గులాబీ రంగు ఐరన్ బిళ్ల రక్తం తగ్గకుండా ఉండడానికి. అందులో 45 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. పదేండ్లు దాటినవాళ్లకిచ్చే నీలం బిళ్లలో 60. ఇప్పటికే తగ్గిన పిల్లకు వారానికి ఒకటి చాలదు, బరువును బట్టి రోజూ వేయాల్సిన మోతాదు డాక్టర్ రాస్తారు. సంఖ్య సరైనా నెల రెండు నెలలు ఆపకుండా వాడాలి, ఒంట్లో నిల్వ ఉండడానికి. మలం నల్లగా వస్తుంది, గాబరాపడొద్దు. పరగడుపున కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేయండి.

ఇంకోటి, చాయ్. పొద్దున్నే పిల్ల చేతిలో చాయ్ గ్లాసు, నాలుగు బిస్కెట్లు పెట్టి బడికి పంపడం మన ఊళ్లలో టిఫిన్ కింద లెక్క. చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. బిళ్లకు ముందు, వెనక గంట రెండు గంటలు చాయ్ వద్దు. అన్నంలో నిమ్మకాయ పిండండి, ఉసిరికాయ ఇవ్వండి, జామకాయ పెట్టండి. వీటితో ఐరన్ బాగా పడుతుంది. నట్టల (నులిపురుగుల) బిళ్ల ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో బడిలో వేస్తారు కదా, పాప ఆ రోజు బడికి పోయిందా లేదా కనుక్కోండి. పోకపోతే ఆశమ్మను అడిగితే ఇస్తుంది.

పండ్ల మరకలు. చండూరు, మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు అనగానే పండ్ల మీద మరక కనబడితే ఫ్లోరైడే అని మనం అనేసుకుంటాం. మన జిల్లా పేరుతో ఒక నీళ్లు శుద్ధిచేసే పద్ధతే ఉంది, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే "నల్గొండ పద్ధతి". నాగపూర్‌లోని నీరి సంస్థ చేసింది. అంతగా ముద్ర పడ్డ నేల మనది. అయినా ప్రతి మరకా అదే కాదు. ఫ్లోరైడ్ మరక రెండు పక్కలా ఒకేలా ఉంటుంది, ఎడమ ముందు పంటికి ఉంటే కుడిదానికీ ఉంటుంది, అడ్డంగా సుద్దగీతలు లేదా గోధుమరంగు పట్టీలుగా కనబడుతుంది. ఒక్క పంటికే, నమిలే చోట, గుంట పడి నల్లగా ఉంటే అది పుచ్చు. పుచ్చు ముదురుతుంది, ఫ్లోరైడ్ మరక ముదరదు. పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడు తాగిన నీళ్ల వల్ల పడ్డది కాబట్టి, బ్రష్షుతో ఎంత తోమినా పోదు. ఇటుక పొడితో, బొగ్గుతో తోమించకండి, ఉన్న పింగాణీ (పంటి పైపొర) కూడా అరుగుతుంది. పెద్దయ్యాక పండ్ల డాక్టర్ దగ్గర పైపూత వేయించుకోవచ్చు.

కృష్ణా నీళ్లు నల్లాల్లో వచ్చాక పుట్టిన పిల్లల్లో ఈ మరకలు తగ్గడం నా కండ్లతో చూశాను. ఇంట్లో తాగేది మిషన్ భగీరథ నల్లా నీళ్లే అయినా, చేను దగ్గర బోరు నీళ్లు తాగించడం, పప్పు ఉడకదని వంటకు వేరే నీళ్లు వాడడం ఉంటుంది, చూసుకోండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగడానికి పనికిరావు. ఇంట్లో ఇంకా చిన్నపిల్లలు ఉంటే ఇది వాళ్ల కోసం, పాప ముందు పండ్ల పని ఎప్పుడో అయిపోయింది.

ఫుల్ బాడీ చెకప్ ఎందుకు వద్దంటున్నానంటే, ఆ ప్యాకేజీల్లో ఉండేవి చాలావరకు పెద్దవాళ్ల పరీక్షలు. కొవ్వు, థైరాయిడ్, మూత్రపిండాలు అన్నీ చూసి నాలుగు పేజీల రిపోర్టు ఇస్తారు, అందులో పెద్దవాళ్ల కొలతతో పోల్చి ఎర్రగా అచ్చయిన రెండు సంఖ్యల కోసం మీరు ఇంకో నెల తిరుగుతారు. అసలు కావాల్సిన ఎకో, కంటి పరీక్ష మాత్రం చాలా ప్యాకేజీల్లో ఉండనే ఉండవు.

ఎక్కడికి పోవాలో చీటీ మీద రాసి ఉంటుంది. జిల్లా కేంద్రంలో బడి నుంచి రిఫర్ అయిన పిల్లల కోసం డీఈఐసీ అనే విభాగం ఉంటుంది, అక్కడ చీటీ చూపిస్తే పిల్లల డాక్టర్ దగ్గరికీ కండ్ల డాక్టర్ దగ్గరికీ వాళ్లే పంపిస్తారు. పాత చీటీలు పట్టుకుని పాత జిల్లా ఆస్పత్రులకు పోయేవాళ్లు 2016లో జిల్లాలు విడగొట్టాక చాలామంది ఉండేవాళ్లు. మీది నల్గొండే కాబట్టి ఆ తిప్పలు లేవు. దారి తెలియకపోతే మీ ఊరి నర్సమ్మనో, ఆశమ్మనో అడిగితే మా బండి వాళ్ల ఫోన్ నంబర్ ఇస్తారు. ఆపరేషన్ దాకా వస్తే (రాదనే అనుకుందాం) ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి 10 లక్షల వరకు పెంచారు.

పెద్దబాబు సంగతి. మా బండి సర్కారు, ఎయిడెడ్ బడులకే పోతుంది, ప్రైవేటు బడులు మా పట్టికలో లేవు. అక్కడ ఏడాదికోసారి "హెల్త్ క్యాంప్" పెట్టి ఎత్తు, బరువు రాసి ప్రోగ్రెస్ కార్డులో అంటించేవాళ్లు ఉన్నారు, అదీ లేని బడులు ఇంకా ఎక్కువ. నా లెక్కన మీ ఇంట్లో చూపించుకోవాల్సిన పిల్లలు ఇద్దరు. అదే బస్సులో వాడినీ తీసుకుపోండి. పోయే ముందు ఇంట్లోనే ఒకటి చేయొచ్చు. గోడకున్న క్యాలెండర్‌కు ఇరవై అడుగుల దూరంలో నిలబెట్టి, అరచేతితో ఒక కన్ను మూసి అంకెలు చదివించండి, తర్వాత రెండోది. తేడా ఉంటే కండ్ల డాక్టర్‌కు చెప్పండి. వాడు గడుసోడైతే నెల పేజీ తిప్పి చదివించండి.

పోయేటప్పుడు చీటీ, పాప ఆధార్, రేషన్ కార్డు, పాత మందుల చీటీలుంటే అవి కూడా. చీటీని ముందే ఒక జిరాక్సు తీసి ఇంట్లో పెట్టుకోండి, అక్కడ కౌంటర్‌లో ఒరిజినల్ ఉంచుకుంటే మళ్లీ తిరగాల్సి వస్తుంది. సోమవారం రద్దీ ఎక్కువ, మంగళ, బుధల్లో పోండి, ఓపీ పొద్దున్నే మొదలవుతుంది. పాపకు బస్సెక్కే ముందు కడుపునిండా తినిపించండి, ఎకోకు పరగడుపుతో ఉండాల్సిన పని లేదు, హిమోగ్లోబిన్‌కూ లేదు. చాయ్ మాత్రం వద్దు.